కడుపులోని బిడ్డ గుండె చప్పుడు: ఎప్పుడు నిశ్చింత, ఎప్పుడు తొందర

స్కానింగు కాగితంలో గుండె చప్పుడు 152 అని కనబడగానే మన ఇళ్లలో వచ్చే మొదటి మాట, "140 దాటింది, ఆడపిల్లే." ఈ లెక్కకు ఆధారం లేదు. పైగా కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ అంకె చెప్పే సంగతి వేరు.

ఆరో వారంలో చప్పుడు నిమిషానికి 110 దాకా ఉంటుంది. తొమ్మిది, పది వారాలకు 170కి ఎక్కి, తర్వాత మెల్లగా దిగి, నెలలు నిండేసరికి 110–160 మధ్య నిలుస్తుంది. కనుక మూడో నెల మొదట్లో 170 చూసి భయపడనక్కరలేదు. తొమ్మిదో నెలలో అదే అంకె దిగకుండా ఉంటే మాత్రం తల్లికి జ్వరమా, ఇన్ఫెక్షనా, ఒంట్లో నీరు తగ్గిందా అని డాక్టరు చూడాలి. (గర్భిణికి తనకో బిడ్డకో హాని భయం ఉంటే రోజా వాయిదా వేసుకునే రుక్సత్ షరీఅత్‌లో ఉంది. అత్తలు ఈ మాట గుర్తుంచుకోవాలి.)

బిడ్డ కదిలినప్పుడు చప్పుడు కాసేపు పెరగడం మంచి గుర్తు. నొప్పుల సమయంలో, నొప్పి తగ్గుతున్నా చప్పుడు పడిపోయి ఆలస్యంగా తేరుకుంటూ, ప్రతి నొప్పికీ అదే జరుగుతుంటే, బిడ్డకు ప్రాణవాయువు చాలడం లేదేమోనని అనుమానించాలి. తల్లిని ఎడమ పక్కకు తిప్పుతారు. తేరుకోకపోతే ఆపరేషన్ మాట వస్తుంది. అప్పుడు నిమిషాలే లెక్క.

ఇంటి దగ్గర తల్లికి తెలిసేది కదలికలే. ఏడు నెలలు దాటాక కదలికలు తగ్గాయనిపిస్తే ఎడమ పక్కకు పడుకుని గమనించాలి. రెండు గంటల్లో పది కూడా రాకపోతే తెల్లవారేదాకా ఆగకూడదు. రోజంతా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే తల్లి ధ్యాస పని మీదే ఉంటుంది. అందుకే పూటకొకసారి పని ఆపి చూసుకోమంటున్నాం. 2015లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. గల్ఫ్ బాట పట్టినవారు ఈ జిల్లాలో ఎందరో. భర్త ఫోన్ ఎత్తేదాకా ఆసుపత్రికి కదలని ఇళ్లు మనకు తెలుసు. ఈ విషయంలో అనుమతి కోసం ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి.

గుండె చప్పుడు వినే చిన్న డాప్లర్ యంత్రాలు ఇంటింటికీ ఇద్దామని కొందరు దాతలు అడుగుతున్నారు. మేము వద్దంటాం. అలవాటు లేని చెవికి తల్లి నాడి కూడా బిడ్డ గుండెలా వినిపిస్తుంది, ఆ ధైర్యంతో ఆసుపత్రి ఆలస్యమవుతుంది. ఆ డబ్బు శిక్షణ పొందిన నర్సుల చేతి యంత్రాలకు, అర్ధరాత్రి పల్లె నుంచి నిజామాబాద్ పెద్దాసుపత్రికి రావలసిన తల్లుల బండి కిరాయికి ఇవ్వండి.