దివిసీమకు వెళ్తున్న చిట్టికి

చిరంజీవి చిట్టికి,



క్రిస్మస్ సెలవుల్లో మీ చర్చి యువజనులంతా యశ్వంతపూర్‌లో కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి బందరు చేరి, అక్కణ్ణించి అవనిగడ్డ మీదుగా నాగాయలంక వైపు వెళ్లి, తుపానుకు కూలిన ఇళ్లు కట్టిపెడతారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషమైంది. ఉద్యోగమంతా కట్టుబడి పనుల్లోనే గడిపినవాణ్ణి కదా, నువ్వు రైలెక్కేలోగా నీ చెవిన వేయాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి.

ముందు డబ్బు సంగతి. మీరు ఇరవైమంది వెళ్లి రావడానికయ్యే టిక్కెట్లు, భోజనాలు, బస అన్నీ కలిపి చూడు. ఆ డబ్బుతో ఊళ్లోనే ఇద్దరు ముగ్గురు తాపీమేస్త్రీలకు చాలా రోజులు కూలి ఇవ్వచ్చు. తుపాను తర్వాత పనుల్లేక కూర్చున్న మేస్త్రీలు అక్కడే ఉంటారు. ఆ మాట మీలో ఎవరో ఒకరు ఈపాటికి అనే ఉంటారు. అది సబబైన ప్రశ్న, దాన్ని కసురుకోవద్దు. మేస్త్రి చేయగల పనిని మీరు తీసుకోకూడదు, మేస్త్రి చేయలేని పని మీరు చేయాలి. అప్పుడే మీ ప్రయాణానికి న్యాయం జరుగుతుంది. ఆ రెండో రకం పని అక్కడ బోలెడంత ఉంది.

నువ్వు వెళ్తున్న నేల ఎలాంటిదో తెలుసా? 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ఊడ్చిపారేసింది. సర్కారు లెక్కలోనే పోయినవాళ్లు సుమారు 10,000 మంది. నేనప్పుడు గుంటూరులో చదువుకుంటున్నాను. మా సంఘం వాళ్లతో కలిసి వెళ్తే సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు ఇల్లనే దాని ఆనవాలు మట్టి అరుగు ఒక్కటే. దాని మీద గోడ లేదు, కప్పు లేదు. ఆ అరుగు మీదే కూర్చుని ఉన్నారు మిగిలినవాళ్లు. వాళ్లను పలకరించడానికి మాకు మాట రాలేదు.

ఆ తీరానికి క్రైస్తవ సేవ 1977తోనే మొదలవలేదు. 1969 తుపాను తర్వాత బెల్జియంకు చెందిన జెస్యూట్ గురువు ఫాదర్ మైఖేల్ విండే గుంటూరు కేంద్రంగా గ్రామ పునర్నిర్మాణ సంస్థను నిలబెట్టారు. ఊరివాళ్ల చేతనే ఊరు కట్టించాలన్నది ఆయన పట్టుదల. హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ మన దేశంలో మొదటి అడుగు వేసింది కూడా తెలుగు నేల మీదే, 1983లో ఖమ్మంలో. ఇంటివాళ్లు తమ శ్రమ కలపాలి, లాభం తీసుకోకుండా ఇచ్చిన అప్పును నెమ్మదిగా తీర్చుకోవాలి అన్నది వాళ్ల పద్ధతి. 2006లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ లోనావాలా దగ్గరికి వచ్చి వాలంటీర్లతో కలిసి 100 ఇళ్ల పనిలో చేయి వేశారు. ఆయన పక్కన ఇటుకలు అందించిన వాళ్లలో ఆ ఇళ్లల్లో కాపురం ఉండబోయేవాళ్లూ ఉన్నారు. నా దృష్టిలో అసలు విశేషం అదే.

నువ్వు చిన్నప్పట్నుంచీ చదివిన నెహెమ్యా గ్రంథం ఒకసారి మళ్లీ తీయి. నెహెమ్యా యెరూషలేము చేరిన వెంటనే తాపీ పట్టలేదు. ముందు కొద్దిమందితో రాత్రిపూట ప్రాకారం చుట్టూ తిరిగి ఎక్కడెక్కడ కూలిందో కళ్లారా చూసుకున్నాడు. తర్వాత పని పంచుకున్నప్పుడు చాలామంది తమ ఇంటి ఎదుట భాగమే కట్టుకున్నారు. మీరూ మొదటి రోజు పార పట్టకండి. ఊరంతా తిరగండి. ఇంటి ఆడవాళ్లతో మాట్లాడండి: పొయ్యి ఎక్కడుండాలి, వాన ఏ మూల నుంచి కొడుతుంది, వల ఎక్కడ ఆరేస్తారు, గేదెను ఎక్కడ కడతారు? 1993 సెప్టెంబరులో లాతూరు భూకంపం తర్వాత ఈ ప్రశ్నలు అడగకుండా పాత ఊళ్లకు దూరంగా వరుసల కాలనీలు వేసినచోట పశువులకూ ధాన్యానికీ చోటు చాలక, బంధువులు తలో వైపూ పడి, జనం ఏళ్లపాటు ఇబ్బంది పడ్డారు.

ఇక నేల. మన బెంగళూరులో ఐఐఎస్సీ వాళ్లు 1974 నుంచి ఆస్త్రా పేరుతో చేసిన పని నీకు తెలిసే ఉంటుంది. ఎర్రమట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి మిషన్లో నొక్కిన ఇటుకలతో ఇక్కడ ఎన్నో మంచి ఇళ్లు లేచాయి. మీలో ఎవరికైనా ఆ ఇటుకలు దివిసీమకు తీసుకెళ్దామన్న ఉత్సాహం కలగవచ్చు. కానీ అక్కడిది నల్లమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఇక్కడి ఇసుక కలిసిన ఎర్రమట్టితో కుదిరిన పని దానితో కుదరదు. పునాది కింద కూడా ఆ మట్టి తీసి ఇసుక నింపకపోతే రెండు వర్షాకాలాలకే గోడ పగులుతుంది. ఇంజినీరు చెప్పకముందే ఊరి మేస్త్రీకి ఇది తెలుసు. అందుకే ఆయన్ని అడుగు.

నీళ్ల సంగతీ అంతే. ఒకసారి అక్కడ ఒక మేస్త్రి బోరు నీళ్లు దోసిట పట్టి నాలుక మీద వేసుకుని, వెంటనే ఉమ్మేసి, ‘ఇవి కాంక్రీటుకు పనికిరావు’ అన్నాడు. ఉప్పునీళ్లతో, సముద్రపు ఇసుకతో పోసిన కాంక్రీటు లోపల ఊచ తుప్పుపట్టి ఉబ్బుతుంది, పైపూత పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. మంచినీళ్లు ట్యాంకరుతో తెప్పించాల్సి వస్తే ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. గోడకు, శ్లాబుకు వారం పదిరోజులైనా తడి ఆరనివ్వకుండా నీళ్లు కొట్టాలి. మీ రిటర్న్ టిక్కెట్ తేదీ కోసం ఆ రోజులు తగ్గించకండి. మీరు వెనక్కి వచ్చేశాక ఎవరు నీళ్లు కొడతారో కూడా ముందే మాట్లాడుకోండి.

పాత దివి ఇల్లు చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, నేలకు దగ్గరగా వంగిన తాటాకు కప్పు. గాలికి మూల దొరకదు కాబట్టి పక్కకు తప్పుకుపోతుంది. ఉప్పెన ముందు అది నిలవలేదు గానీ, గాలి గురించి ఆ మనుషులకున్న తెలివి చిన్నది కాదు. ఇప్పుడు రేకుల కప్పు వేస్తే ఆ తెలివే వేరే రూపంలో కావాలి. తుపాను గాలి రేకును కిందికి తొక్కదు, పైకి పీకుతుంది. చూరు దగ్గరా మూలల దగ్గరా ఆ లాగుడు ఎక్కువ. అక్కడ బోల్టులు దగ్గరదగ్గరగా ఉండాలి, చూరు బయటికి ఎక్కువ పొడుచుకు రాకూడదు, కప్పు నాలుగువైపులా వాలితే ఇంకా మంచిది. కప్పు గోడకు, గోడ పునాదికి గట్టిగా పట్టుకుని ఉండాలి, కిటికీల పైన లింటెల్ బ్యాండు ఇంటి చుట్టూ తెగకుండా నడవాలి. భారత ప్రమాణాల సంస్థ 2004లో తుపాను తట్టుకునే చిన్న ఇళ్లకు ప్రత్యేకంగా నియమాలు రాసింది. మీ గుంపులో ఒకరు దాన్ని చదివి వెళ్లాలి. పది ఇళ్లకు సున్నం వేయడం కంటే ఒక ఇంటి మూలల్లో బోల్టులు సరిగా పడ్డాయో లేదో చూడటం ఎక్కువ ఉపకారం.

మీ కంప్యూటరు చేతులకు తగిన పని ఇంకొకటి ఉంది. కాలువ గట్ల మీద, రేవుల పక్కన యానాదుల గుడిసెలుంటాయి. పీతలూ చేపలూ పట్టుకుని బతుకుతారు. గట్టు మీద పట్టా ఉండదు, పట్టా లేని ఇంటికి చాలాసార్లు నష్టపరిహారం జాబితాలో పేరు ఎక్కదు. ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం వరదలో పోయినవాళ్లు ఇంకెందరో. అద్దెకున్నవాళ్లు, కౌలు రైతులు, ఒంటరి ఆడవాళ్లు కూడా ఇలాగే మిగిలిపోతారు. ఇంటింటికీ వెళ్లి వివరాలు రాసుకోండి, దరఖాస్తులు నింపిపెట్టండి, గ్రామ సచివాలయానికి వాళ్లతో కలిసి నడవండి. మాలపల్లి, మాదిగపల్లి, పల్లెకారుల వాడ, ఏ వాడ దగ్గర ముందు ఆగారో ఊరంతా గమనిస్తుంది. మన సంఘస్థుల ఇళ్లే ముందు కట్టారన్న మాట రానీయకండి.

ఆ మాట దగ్గరే ఇంకొంచెం ఆగాలి. 1994లో రెడ్‌క్రాస్, సహాయ సంస్థలు కలిసి చేసుకున్న ప్రవర్తనా నియమావళిలో ఒక నియమం, సాయాన్ని ఏ మత పక్షానికీ రాజకీయ పక్షానికీ వాడుకోకూడదని. అందులో మన విశ్వాసానికి వ్యతిరేకమైనదేమీ లేదని నేను నమ్ముతాను. ఇల్లు కోల్పోయినవాడు ‘వద్దు’ అనలేని స్థితిలో ఉంటాడు. ఆ స్థితిలో అతన్ని ప్రార్థనకు కూర్చోబెట్టడం బలవంతమే. మీ ప్రార్థన మీ బసలో తెల్లవారుజామున చేసుకోండి. ఎవరైనా అడిగితే ‘మేము యేసును నమ్ముకున్నవాళ్లం, అందుకే వచ్చాం’ అని చెప్పండి, అంతకు మించి అవసరం లేదు. ఇంటి గోడకు చర్చి పేరు చెక్కిన పలక తగిలించే ఆలోచన ఉంటే మానుకోమని పాస్టరు గారికి నా మాటగా చెప్పు. అది ఆ ఇల్లాలి ఇల్లు. ఆమె పిల్లలు రోజూ దాతల పేరు కింద నుంచి బడికి పోవడం ఎందుకు? ఫోటోల విషయమూ అంతే. ఏడుస్తున్న మనిషిని తీయవద్దు, అడగకుండా ఎవరినీ తీయవద్దు.

జనవరిలో నువ్వు మళ్లీ ఆఫీసుకు వెళ్లిపోతావు. మార్చికి ఎండలు ముదురుతాయి, వార్తలవాళ్లు మరో ఊరికి మళ్లుతారు, పరిహారం రెండో విడత ఆగుతుంది, సగం కట్టిన గోడలు అలాగే ఉంటాయి. ఆ మార్చిలో వెళ్లడానికి మీలో నలుగుర్ని ఇప్పుడే ఒప్పించు, వాళ్ల టిక్కెట్టు డబ్బు కూడా ఇప్పుడే పక్కన పెట్టించు. అప్పటిదాకా సామగ్రి లెక్క ఎవరి దగ్గర ఉంటుందో, మేస్త్రీ కూలి ఎవరి చేతుల మీదుగా నడుస్తుందో కాయితం మీద రాసుకుని, ఒక ప్రతి ఊరివాళ్ల దగ్గర వదిలిరండి.

పాత చెప్పులు వేసుకుని వెళ్లకు, మేకులు దిగుతాయి. బూట్లు కొనుక్కో. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకో. కప్పు కొలతలు నాకు పంపితే బోల్టుల లెక్క వేసి పెడతాను.

మీ పెదనాన్న