ఆట ముగిసిన పిమ్మట: కళాశాల ఎన్నికలో ఒక పాఠము

ఫుట్‌బాల్ అనగానే మనము కాలితో తన్ను బంతియాటను తలంతుము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ పేరు వేరొక ఆటకు చెల్లుచున్నది. కోలగా నుండు బంతిని చేతబట్టి, అడ్డువచ్చువారిని త్రోసికొని పరుగెత్తు ఆట యది. జట్టునకు 11 మంది. 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల నడుమ జరిగిన పోటీని అచ్చటి కళాశాల ఫుట్‌బాల్‌కు ఆరంభముగా చెప్పుకొందురు. నేడు కొన్ని విశ్వవిద్యాలయముల పోటీలకు లక్షమందికి మించి జనులు కూడుచున్నారు.

ఈ ఆటలో నేర్పరియగు బాలుడు ఉన్నత పాఠశాలలో నుండగనే విశ్వవిద్యాలయముల శిక్షకులు అతని యింటికి వత్తురు. చదువునకు, వసతికి, భోజనమునకు, పుస్తకములకు అగు వ్యయమంతయు తామే భరింతుమందురు. 2021 నుండి క్రీడాకారులు తమ పేరును, రూపమును ప్రకటనలకిచ్చి ధనము గడింపవచ్చును. 2025 నుండి విశ్వవిద్యాలయములు వారికి నేరుగా సొమ్ము చెల్లించుటకును వీలు కలిగినది. ఇన్ని ఆశల నడుమ పదునేడేండ్ల బాలుడు దేనిని ఎన్నుకొనవలెను?

మొదట ఒక సత్యమును గ్రహింపవలెను. వృత్తి జట్లు ఏటేట జరుపు ఎంపికలో పిలుపు వచ్చునది కళాశాల క్రీడాకారులలో నూటికి ఇద్దరికంటె తక్కువమందికే. మోకాలికి తగిలిన ఒక్క దెబ్బతో ఆట ముగియవచ్చును. కావున ఆట ఆగిననాడు తనకేమి మిగులునో చూచుకొని ఎన్నుకొనుట వివేకము.

మైరన్ రోల్ అను యువకుని చరిత్ర ఇందులకు నిదర్శనము. న్యూజెర్సీ రాష్ట్రమున పెరిగిన ఇతడు పాఠశాల దినములలోనే దేశమునందలి మేటి ఆటగాండ్రలో నొకడు. 2006లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయమున చేరి, రెండున్నర యేండ్లకే పట్టము పొందెను. 2008 నవంబరులో బర్మింగ్‌హామ్ నగరమున పెద్దల ప్రశ్నలకు సమాధానములిచ్చి రోడ్స్ విద్యార్థి వేతనమును గెలుచుకొనెను. అదే దినమున విమానమెక్కి మేరీలాండ్ చేరి తన జట్టుతో ఆడెను. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన పిమ్మట 2010లో ఒక వృత్తి జట్టు అతనిని ఎంపిక చేసినది. కాని ప్రధాన పోటీలలో ఒక్కదానిలో నైనను ఆడు అవకాశము అతనికి దక్కలేదు. ఆట చేయివిడిచినను విద్య విడువలేదు. 2017లో ఫ్లోరిడా స్టేట్‌లోనే వైద్యపట్టము పొంది, మెదడు శస్త్రచికిత్సలో శిక్షణకై బోస్టన్‌లోని పెద్ద ఆసుపత్రిలో చేరెను.

కావున సంతకము చేయుటకు ముందు బాలుడును తలిదండ్రులును ఈ ప్రశ్నలు వేసికొనవలెను:

1. సహాయపు ఒప్పందము ఒక్క యేటిదా, పట్టము వచ్చువరకా? నోటిమాట చాలదు, వ్రాతలో నుండవలెను.

2. దెబ్బ తగిలినచో వైద్యవ్యయము ఎవరిది? వేతనము నిలుచునా?

3. కోరిన చదువు అచ్చట కలదా? సాధన వేళలు తరగతులకు అడ్డువచ్చునా?

4. తన స్థానమున ఇప్పటికే ఎందరు ఆడుచున్నారు?

5. పిలిచిన శిక్షకుడు వెడలిపోయినను అచ్చట ఉండ మనసగునా?

2024 నుండి చదువులో వెనుకబడనివారు విశ్వవిద్యాలయము మారినను వెంటనే ఆడవచ్చును. అయితే చదివిన పాఠ్యాంశములన్నియు క్రొత్తచోట లెక్కకు రాకపోవచ్చును. హార్వర్డ్, యేల్ మొదలగు ఎనిమిది ఐవీ లీగ్ విశ్వవిద్యాలయములు ఆటకై వేతనమీయవు. కుటుంబ స్థితినిబట్టి మాత్రమే సహాయము చేయును. అట్టిచోట ఆట మానినను ఆ సహాయము పోదు.

ఈ విచారము ఆ దేశమునకే పరిమితము కాదు. మన గ్రామములలోను పరుగులోనో, కబడ్డీలోనో మేటియైన బిడ్డకు క్రీడా వసతి గృహమునుండి పిలుపు వచ్చినపుడు ఇంటిల్లిపాదియు సంతసింతురు. సంతసింపవలసినదే. కాని ఆ బిడ్డను పంపుటకు ముందు, అచ్చటి మైదానమును చూచిన కన్నులతోనే తరగతి గదిని కూడ చూచి రావలెనని మా మనవి. కాలిబలము కొన్నియేండ్లది, నేర్చిన విద్య కడవరకు తోడుండునది.