బొట్టు పెట్టుకునే చోటు బరువెక్కితే

చెల్లే, ఆజ్ఞాచక్రం కుదురుకోవాలంటే ఊదారంగు పండ్లు తినాలని ఫోన్‌లో చూశావట. బ్లూబెర్రీలు ఎక్కడ దొరుకుతాయక్కా అని అడిగావు. వాటి కోసం నాగపూర్ దాకా ఎవరినీ పంపకు. పూర్ణానంద యతి 1577లో రాసిన షట్చక్ర నిరూపణం ప్రకారం ఈ చక్రం కనుబొమల నడుమ ఉంటుంది. రెండు రేకుల పద్మం, రేకుల మీద హ, క్ష అక్షరాలు. రంగు మాత్రం చంద్రుడిలా తెలుపు. చక్రానికో ఇంద్రధనుస్సు రంగు కట్టే పద్ధతి పడమటి దేశాల్లో 1970ల నుంచి బాగా ప్రచారమైంది. ఆ రంగును బట్టే పండ్ల జాబితాలు పుట్టాయి. తొలకరికి నేరేడు పండ్లు వస్తే కడుపారా తిను, నల్లవంకాయ కూర వండుకో. ఒంటికి మంచివే. కానీ నీ నుదుటి బరువు వాటితో దిగదు.

మరి ఎందుకు ఎక్కుతోంది ఆ బరువు? మన చంద్రపూర్ లాల్‌పేట్ బతుకు చూడు. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి బొగ్గు బాయిల పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు మనవి. ఇంట్లో ఒకరు బాయికి పోతే ఇల్లంతా షిఫ్టు ప్రకారం నడవాలి. ఫస్ట్ షిఫ్టుకు చీకటితోనే లేచి డబ్బా కట్టాలి. సెకండ్ షిఫ్టైతే మీ ఆయన వచ్చేదాకా మేలుకోవాలి. నైట్ షిఫ్టు వారం పగలు ఆయన నిద్ర చెడకుండా పిల్లల నోరు మూయించాలి. షిఫ్టు ఆయనదే అయినా చెడేది నీ నిద్ర కూడా. దాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

ఆజ్ఞాచక్రాన్నే మూడో కన్ను అంటారు. దాన్ని చాలామంది మెదడులోని పీనియల్ గ్రంథితో కలిపి చెబుతారు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ బృందం 1958లో ఆ గ్రంథి నుంచి మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్‌ను వేరు చేసింది. చీకటి పడితే అది ఊరుతుంది, కంట్లో వెలుతురు పడితే తగ్గుతుంది. చక్రమూ గ్రంథీ ఒకటేనని నేను అనను. కానీ ధ్యానం కుదరాలంటే ముందు నిద్ర కుదరాలని మాత్రం గట్టిగా చెప్తా. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, నిద్రే లేనివాడికీ యోగం అందదని భగవద్గీత ఆరో అధ్యాయంలోనే ఉంది. సెకండ్ షిఫ్టు వారం ఆయన వచ్చేదాకా ఫోన్ చూస్తూ కూర్చోకు. లైటు ఆర్పి కాసేపు పడుకో. అన్నం గిన్నె మూతపెట్టి ఉంచితే ఆయన పెట్టుకుని తినలేడా?

ఇక తిండి. మితాహారం అంటే కడుపులో నాలుగో వంతు ఖాళీగా ఉంచి తినడమని హఠయోగ ప్రదీపిక అనే యోగ గ్రంథం చెబుతుంది. అయితే అందరికీ పెట్టి చివర్లో మిగిలింది తినడం మితాహారం కాదు, చెల్లే. శుక్రవారం ఒక్కపొద్దు పేరుతో పొద్దంతా చాయ్ మీద ఉండడమూ కాదు. మహాకాళి తల్లి మీద భక్తి నాకూ ఉంది. చైత్రంలో జాతరకు జనం నడిచి వస్తుంటే చూసి నేనూ చేతులెత్తి మొక్కుతాను. ఉపవాసం నాడు పండ్లు, మజ్జిగ, నానబెట్టిన పల్లీలు తీసుకుంటే తల్లికి కోపం రాదు. మామూలు రోజుల్లో జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పైన నిమ్మకాయ పిండుకో. నిమ్మకాయలోని విటమిన్ సి వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే అదే ఇనుము సరిగా పట్టదు. గంటసేపు ఆగు. మన చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో నీళ్లు తక్కువైనా తలనొప్పి వస్తుంది. కుండలో జొన్న అంబలి ఉంచుకో.

యోగా అంటే తలకిందులుగా నిలబడడం అనుకోకు. బాలాసనం చాలు. మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వంగి నుదురు చాప మీద ఆనించు, అందకపోతే దిండు పెట్టుకో. గర్భిణులు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దీన్ని వదిలేయాలి. తర్వాత నిటారుగా కూర్చుని నాడీశోధన చెయ్యి. ఎడమ ముక్కుతో గాలి పీల్చి కుడితో వదలడం, కుడితో పీల్చి ఎడమతో వదలడం. ఎడమది ఇడ నాడి, కుడిది పింగళ నాడి. ఈ రెండూ నడిమి నాడి సుషుమ్నతో కలిసేది కనుబొమల నడుమే అంటారు యోగులు. అందుకే ఆజ్ఞాచక్రానికి ఇదే అసలు సాధన అని నా నమ్మకం. శ్వాస బిగబట్టకు. ఆఖర్న తుమ్మెద ఝంకారంలా నోరు మూసి మ్మ్ అంటూ గాలి వదులు. ఆ అదురు నుదుట్లో తెలుస్తుంది, మనసు నిమ్మళిస్తుంది.

ఇవన్నీ ఇంట్లోనే చెయ్యి. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన ప్రాణాయామం వద్దు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే చంద్రపూర్‌ను తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల్లో చేర్చింది. చలికాలం పొద్దున దుమ్ము పైకి లేవక కిందనే ఉంటుంది. లోతుగా పీలిస్తే లోపలికి పోయేది అదే. తడిబట్టతో ఇల్లు తుడిచాక కూర్చో.

ఇంకో మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం. తల బరువు, కళ్లు తిరగడం, దేని మీదా మనసు నిలవకపోవడం. ఇవి చక్రం మూసుకుపోవడం వల్లేనని సరిపెట్టుకుంటున్నాం. రక్తం తక్కువైనా ఇవే లక్షణాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే డాక్టరు చెప్పినట్టు ఇనుము మాత్రలు వాడాల్సిందే, ఆసనాలు వాటితో పాటే. తలనొప్పితో వాంతులు, చూపు మసకబారడం ఉంటే ఆ రోజే డాక్టరుకు చూపించు. ఈ వారం ఆయన డ్యూటీ ఏదైనా సరే, వంట పక్కనపెట్టి సర్కారు దవాఖానకు పోయి రక్త పరీక్ష చేయించుకో. మీ అత్తమ్మను కూడా తీసుకుపో.