కొయ్యకాళ్ల పొగ: ఒక్క గదినైనా కాపాడుకుందాం

వరి కోతలయ్యాక రుద్రూర్ చుట్టుపక్కల సాయంత్రాలు ఎట్లుంటాయో మనకు తెలుసు. హార్వెస్టర్ వదిలిన కొయ్యకాళ్లకు నిప్పు పెడతారు. చీకటి పడేసరికి పొగ కిందికి దిగి తలుపు సందుల్లోంచి ఇంట్లోకొస్తుంది. ఆరేసిన బట్టలకూ అదే వాసన. పసిపిల్లలు, ఆయాసమున్న పెద్దలు ఉన్న ఇంట్లో ఇవి పాటించండి.

1. ఇల్లంతా కాపాడలేం. పెద్దవాళ్లు, పిల్లలు పడుకునే ఒక గదిని ఎంచుకోండి. సందు మూసుకునేలా తలుపు కింద తడి తువ్వాలు, వెంటిలేటర్లకు ప్లాస్టిక్ కవరు పెట్టండి.

2. పొద్దు గుంకకముందే కిటికీలు మూయండి. మధ్యాహ్నం పొగ పలచబడ్డాక తెరవండి.

3. పొగలోని సన్న నుసి 2.5 మైక్రాన్ల లోపే ఉంటుంది. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అందుకే తడిబట్ట, కూలర్ గడ్డి దాన్ని ఆపలేవు. పైగా కూలర్ బయటి పొగనే లోపలికి లాగుతుంది.

4. గాలి వడకట్టే డబ్బా మనమే కట్టుకోవచ్చు. రిచర్డ్ కోర్సీ ఆలోచనతో 2020లో జిమ్ రోసెంథాల్ కట్టిన ఇలాంటి పెట్టెను అమెరికాలో కార్చిచ్చుల పొగకూ వాడుతున్నారు. కావలసినవి: గట్టి అట్టపెట్టె, ఎగ్జాస్ట్ ఫ్యాన్, రెండు ఫిల్టర్లు, వెడల్పు టేపు. ఫిల్టర్ మీద హెపా లేదా మెర్వ్-13 అని ఉండాలి.

5. పెట్టెకు ఎదురెదురు గోడలు కోసి ఫిల్టర్లు బిగించండి. వాటి మీది బాణం గుర్తు లోపలికి చూడాలి. పైన గుండ్రంగా కోసి, గాలి పైకి కొట్టేలా ఫ్యాన్ పెట్టండి. అంచులన్నిటికీ టేపు వేయండి.

6. ఫ్యాన్ తిప్పి, వెలిగించిన అగరుబత్తిని టేపు అతుకుల వెంట నడపండి. పొగ ఎక్కడ లోపలికి జారిపోతే అక్కడ సందు ఉన్నట్టు. మళ్లీ టేపు వేయండి. ఆ తర్వాత ఆ గదిలో అగరుబత్తి, దోమల కాయిల్, సాంబ్రాణి వద్దు.

7. వైరు, ప్లగ్గు ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. ఫ్యాన్‌కు జాలీ తప్పనిసరి. మోటారు బాగా వేడెక్కితే ఆపేయండి.

8. ఫిల్టర్‌ను కడగొద్దు, తడిస్తే పాడవుతుంది. నల్లబడి గాలి తగ్గితే మార్చండి.

9. ఈ డబ్బా నుసిని పడుతుంది, పొగలోని విషవాయువులను కాదు. ఎవరికైనా ఊపిరాడకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. బయటికెళ్తే ఎన్-95 మాస్కు పెట్టుకోండి, మూతికి కట్టుకున్న కండువా చాలదు.

10. కొయ్యకాళ్లను కాల్చకుండా రోటవేటర్‌తో కలియదున్నించండి. దమ్ములో ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తే త్వరగా కుళ్లుతాయి. గడ్డి కాలిస్తే నేలకు చేరాల్సిన నత్రజని, గంధకం గాలిలో కలిసిపోతాయి. చెరకు ఆకునూ సాళ్ల మధ్య పరిస్తే పదును నిలుస్తుంది.

డబ్బా ఒక గదిని కాపాడుతుంది. నిప్పు పెట్టని మడి ఊరందరి ఊపిరినీ కాపాడుతుంది.