ఎల్ ఫారో: అర్ధరాత్రి రెండు ఫోన్ కాల్స్, గీతలో ఒక నావ

ఈ వారం వీడియోలో గీత రెండో అధ్యాయం, 67వ శ్లోకం గురించి చెప్పుకున్నాం కదా, గాలి, నావ ఉన్న శ్లోకం. అందులో ఒక నిజమైన ఓడ కథ కూడా చెప్దామనుకున్నాను కానీ టైమ్ సరిపోలేదు. అది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

అసలు ఈ కథ నాకు ఎందుకు గుర్తొచ్చిందంటే, మా తమ్ముడి వల్ల. విశాఖపట్నంలో ఉండే మా పిన్ని కొడుకు. మర్చంట్ నేవీలో డెక్ క్యాడెట్‌గా ఈ మధ్యే మొదటి ఓడ ఎక్కాడు. వాడు వెళ్ళిన దగ్గర్నుంచీ పిన్ని రెండు పూటలా దీపం పెట్టడం, ఆ వెంటనే ఫోన్‌లో వాయుగుండం వార్తలు వెతకడం. వాడు బయల్దేరే ముందు రోజు రాత్రి మేడ మీద కూర్చుని నన్ను ఒక మాట అడిగాడు.

"అన్నయ్యా, పైవాళ్ళు తప్పు చేస్తున్నారని నాకు అనిపించిందనుకో. ఓడలో అందరికన్నా చిన్నవాణ్ణి నేనే. చెప్పాలా, ఊరుకోవాలా?"

"చెప్పాలిరా" అనేశాను. కానీ ఆ సమాధానం నాకే సరిపోలేదు. ఎందుకంటే చెప్పినా మునిగిపోయిన ఓడ ఒకటి నాకు తెలుసు.

ఒక మామూలు ట్రిప్పు

దాని పేరు ఎల్ ఫారో. స్పానిష్‌లో దీపస్తంభం అని అర్థం. 1975లో కట్టిన అమెరికన్ సరుకు ఓడ, పొడవు దాదాపు 790 అడుగులు. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ నుంచి ప్యూర్టో రికోలోని శాన్ హువాన్‌కి కంటెయినర్లు, ట్రెయిలర్లు, కార్లు మోసేది. రెండూ అమెరికా పోర్టులే. ఓడ వాళ్ళకి ఆ దారి కొట్టిన పిండి.

2015 సెప్టెంబర్ 29 రాత్రి ఆ ఓడ జాక్సన్‌విల్ నుంచి బయల్దేరింది. మొత్తం 33 మంది, 28 మంది అమెరికన్లు, ఐదుగురు పోలండ్ వాళ్ళు. అప్పటికి బహామాస్ దీవుల వైపు వాకీన్ అనే తుఫాను ఉంది. ఇంకా హరికేన్ కాలేదు. మర్నాడు ఉదయానికి హరికేన్ అయింది. ఆ రోజు రాత్రికే మూడో కేటగిరీకి చేరింది. అక్టోబర్ 1 ఉదయం బహామాస్‌లోని క్రూకెడ్ ఐలాండ్ దగ్గర ఎల్ ఫారో మునిగిపోయింది. 33 మందిలో ఒక్కరు కూడా బతకలేదు.

మరి లోపల ఏం జరిగిందో మనకెలా తెలుసు? విమానంలో బ్లాక్ బాక్స్ ఉన్నట్టే ఓడలో వాయేజ్ డేటా రికార్డర్ ఉంటుంది. 2016 ఆగస్టులో దాన్ని దాదాపు 15,000 అడుగుల లోతు నుంచి పైకి తీశారు. ఓడని నడిపే గదిని బ్రిడ్జి అంటారు. ఆ బ్రిడ్జిలో జరిగిన 26 గంటల మాటలు అందులో ఉన్నాయి. అవి రాసి పెట్టిన పేజీలు చదువుతుంటే, మన ఆఫీసులో మీటింగ్ వింటున్నట్టే ఉంటుంది. అదే నన్ను భయపెట్టింది.

రంగుల మ్యాప్, పాత డేటా

బ్రిడ్జి మీదకి వాతావరణ సమాచారం రెండు దారుల్లో వచ్చేది. ఒకటి, అమెరికా నేషనల్ హరికేన్ సెంటర్ బులెటిన్లు. శాటిలైట్ ద్వారా వచ్చే ఉత్త అక్షరాలు. చదివి, చార్టు మీద మనమే గుర్తు పెట్టుకోవాలి. రెండోది, ఈమెయిల్‌లో వచ్చే ఫైల్. తెరవగానే రంగు రంగుల మ్యాప్, తుఫాను ఎటు పోతుందో బొమ్మ కనిపిస్తుంది. కెప్టెన్ ఎక్కువగా ఈ రెండోదాన్నే నమ్ముకున్నాడు.

చిక్కేమిటంటే, ఆ ఫైల్ తయారై ఓడకి చేరేసరికే అందులోని తుఫాను సమాచారం కొన్ని గంటలు పాతబడేది. తుఫాను మాత్రం ఆగదు కదా. మ్యాప్‌లో ఒక చోట, సముద్రంలో ఇంకో చోట. తాజా సమాచారం లేక కాదు, అది కూడా అదే బ్రిడ్జి మీద ఉంది.

దారి లేకపోవడమూ కాదు. దీవులకి దక్షిణంగా ఓల్డ్ బహామా చానెల్ అని ఇంకో మార్గం ఉంది. దూరం ఎక్కువ, కానీ ఈ తుఫాను నుంచి దీవుల చాటు దొరుకుతుంది. దాదాపు నెల క్రితం ఎరికా అనే తుఫాను వచ్చినప్పుడు ఇదే కెప్టెన్ ఇదే ఓడని ఆ దారినే తీసుకెళ్ళాడు. ఈసారి మాత్రం మామూలు దారినే కొద్దిగా పక్కకి జరిపి వెళ్తే చాలనుకున్నాడు.

రెండు ఫోన్ కాల్స్

సెప్టెంబర్ 30 రాత్రి 8 గంటల ప్రాంతంలో కెప్టెన్ తన గదికి వెళ్ళాడు. మళ్ళీ బ్రిడ్జి మీదకి వచ్చింది తెల్లవారుజామున 4 దాటాక.

రాత్రి 11 దాటాక డ్యూటీలో ఉన్న థర్డ్ ఆఫీసర్ కొత్త బులెటిన్ చదివాడు. లెక్క వేశాడు. కెప్టెన్ గదికి ఫోన్ చేశాడు. ఇలాగే వెళ్తే ఉదయం 4 గంటలకి తుఫాను కేంద్రానికి 22 మైళ్ళ దూరంలో ఉంటామని చెప్పాడు. దారి మారలేదు.

అర్ధరాత్రి డ్యూటీ మారింది. ఒంటిగంట దాటాక సెకండ్ ఆఫీసర్ ఫోన్ చేసింది. రెండు గంటలకి దక్షిణానికి తిరిగి దీవుల మధ్య నుంచి అవతలికి వెళ్ళిపోవచ్చని ఒక దారి చూపించింది. కెప్టెన్ ఉన్న దారిలోనే వెళ్ళమన్నాడు. తిరగాల్సిన మలుపు దాటిపోయింది.

చూడండి, ఆ ఇద్దరూ ఊరికే భయపడలేదు. ఒకరు అంకె చెప్పారు, ఇంకొకరు పరిష్కారం చెప్పారు. వినాల్సిన మనిషి మంచం దిగి పైకి వచ్చి ఆ చార్టు ఒక్కసారి చూడలేదు. వాళ్ళు కూడా 'సీనియర్ కదా, ఆయనకి తెలిసే ఉంటుంది' అన్న చోట ఆగిపోయారు. ఆ మాట మనం ఎన్నిసార్లు అనుకుని ఉంటాం!

తర్వాత అంతా చాలా త్వరగా జరిగింది. గాలికి ఓడ కుడివైపు ఒరిగింది. డెక్ మీద మనిషి దిగేంత మూత ఒకటి తెరుచుకుని ఉంది. అందులోంచి మూడో నంబరు సరుకు గదిలోకి నీళ్ళు చేరాయి. ఉదయం 6 గంటల ముందు, ఆ మూత వెయ్యడానికి వీలుగా ఒరుగు అటు మారాలని కెప్టెన్ ఓడని తిప్పాడు. ఇప్పుడు ఎడమకి ఒరిగింది. ఇంజన్‌కి నూనె పీల్చే గొట్టం ట్యాంకులో మధ్యకి కాస్త కుడిగా ఉంది. గ్లాసు ఒక పక్కకి వంచి స్ట్రా రెండో పక్కన పెడితే ఏమవుతుంది? అదే అయింది. నూనె అందలేదు, ఇంజన్ ఆగింది. ఇంజన్ లేని ఓడ గాలికి అడ్డం తిరిగింది. 7:30 ప్రాంతంలో ఓడ వదిలిపెట్టమని ఆర్డర్ ఇచ్చారు. అక్కడున్న లైఫ్‌బోట్లు పైకప్పు లేని పాతకాలపువి. 7:39కి రికార్డింగ్ ఆగిపోయింది.

అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు 2017 డిసెంబర్‌లో తేల్చిన కారణం తుఫాను ఒక్కటే కాదు. తుఫానుని తప్పించుకోవడానికి కెప్టెన్ చేసింది సరిపోలేదని, తాజా వాతావరణ సమాచారం వాడలేదని, సిబ్బందిని ఆలస్యంగా పోగు చేశాడని చెప్పింది. బ్రిడ్జి మీద అందరూ కలిసి పనిచేసే తీరు సరిగా లేదని, కంపెనీ పర్యవేక్షణ కూడా సరిపోలేదని చెప్పింది.

గీతలో నావ

ఇప్పుడు మన శ్లోకానికి వద్దాం. అందులో కృష్ణుడు ప్రజ్ఞని నావతో పోలుస్తాడు. ఇంద్రియాల వెంట పోయే మనసుని గాలితో పోలుస్తాడు. చిన్నప్పుడు నేను దీన్ని కోరికల గురించి అని మాత్రమే అనుకున్నాను. తిండి, సినిమా, ఫోన్... అంతే.

ఎల్ ఫారో గురించి చదివాక ఇంకోలా అర్థమైంది. కళ్ళకి ఇంపుగా ఉన్న మ్యాప్‌ని నమ్మాలనిపించడం కూడా అదే గాలి. 'ఇంతకన్నా పెద్దవి చూశాను' అన్న పాత అనుభవం, టైమ్‌కి చేరాలన్న ఆలోచన, నిద్ర... వీటిలో ఏదీ పాపం కాదు. అయినా నావని లాక్కెళ్ళడానికి ఒక్కటి చాలు. ఆ శ్లోకం కూడా ఒక్క ఇంద్రియం చాలనే అంటుంది.

రెండు సభలు

వాల్మీకి రామాయణం యుద్ధకాండలో దగ్గర దగ్గరగా రెండు సభలు వస్తాయి. మొదటిది లంకలో. రావణుడు సలహా అడుగుతాడు. ఎక్కువ మంది ఆయనకి నచ్చే మాటే చెప్తారు. కుంభకర్ణుడు అన్నగారినే నిలదీస్తాడు, సీతమ్మని తెచ్చే ముందు అడగాల్సింది, ఇప్పుడు అడిగితే ఏం లాభమని. విభీషణుడు ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చెప్తాడు. అవమానం పొంది బయటికి వస్తాడు.

రెండోది సముద్రం ఒడ్డున. అదే విభీషణుడు శరణు కోరి వస్తే, చేర్చుకోవాలా వద్దా అని రాముడు తన వాళ్ళని అడుగుతాడు. సుగ్రీవుడు వద్దంటాడు. అంగదుడు పరీక్షిద్దామంటాడు. జాంబవంతుడు అనుమానిస్తాడు. హనుమంతుడు చేర్చుకుందామంటాడు. రాముడు ఎవరి మాటా మధ్యలో తుంచడు. చివరికి నిర్ణయం ఆయనదే, కానీ అందరి మాటా చెవిన పడ్డాకే. ఇక్కడ చూడండి, వయసులో చిన్నవాడైన అంగదుడు కూడా ఆ సభలో మాట్లాడాడు.

నా సంగతి కూడా చెప్పాలి

కెప్టెన్‌ని తిట్టడం తేలిక. రెండేళ్ళ క్రితం ఒక రిలీజ్ రాత్రి నేను కూడా అలాంటి కుర్చీలోనే ఉన్నాను. డ్యాష్‌బోర్డ్ మొత్తం పచ్చగా ఉంది. ఒంటిగంటకి టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మెసేజ్ పెట్టింది. "అన్నా, ఈ నంబర్లు అరగంట నుంచి కదలట్లేదు. ఒకసారి లాగ్స్ చూస్తారా?" నేను "క్యాష్ అయ్యుంటుందిలే, నువ్వు పడుకో" అని రిప్లై ఇచ్చి నేనూ పడుకున్నాను. డ్యాష్‌బోర్డ్ పాత డేటా చూపిస్తోంది. తెల్లారేసరికి మూడు గంటల పేమెంట్లు ఫెయిల్. ఎవరి ప్రాణం పోలేదు కాబట్టి ఈ రోజు నవ్వుతూ రాస్తున్నాను. కానీ ఆ అమ్మాయి తర్వాత చాలా రోజులు నాకు మెసేజ్ పెట్టడం మానేసింది. ఆ నష్టం ఏ రిపోర్టులోనూ రాలేదు.

ఇంకొక విషయం చెప్పకపోతే ఈ కథ అన్యాయమవుతుంది. ఆ రికార్డింగ్ చివరి నిమిషాల్లో ఓడ బాగా ఒరిగిపోయింది. చుక్కాని పట్టిన మనిషి పైకి ఎక్కలేకపోతున్నాడు. కెప్టెన్ అతన్ని వదిలి వెళ్ళలేదు. నిన్ను విడిచి పోనని ధైర్యం చెప్తూ, పిలుస్తూ అక్కడే ఉండిపోయాడు. కాబట్టి ఆయన్ని రావణుడితో పోల్చకండి. మంచివాడే. మంచివాడు కూడా ఒక రాత్రి వినకపోవచ్చు. నాకు భయం వేసేది అందుకే.

పిన్ని దీపం

ఈ కథ విన్నాక పిన్ని అడిగింది. "మరి వాళ్ళ ఇళ్ళల్లో కూడా అమ్మలు మొక్కుకునే ఉంటారు కదరా? దేవుడు ఎందుకు వినలేదు?"

ఆ 33 ఇళ్ళకి చెప్పగలిగే సమాధానం నా దగ్గర లేదు. ఉందని నటించను. నాకు తోచింది మాత్రం పిన్నికి చెప్పాను. సాయం వస్తే అది ఆకాశంలోంచి ఊడిపడక్కర్లేదు పిన్నీ. రాత్రి ఒంటిగంటకి ఒక జూనియర్ ఫోన్ రూపంలో రావచ్చు. నిద్ర చెడగొట్టే రూపంలో రావచ్చు. నువ్వు దీపం పెట్టేటప్పుడు, వాడు క్షేమంగా రావాలని ఎలాగూ అనుకుంటావు. వాడి మాట వినే మనిషి ఆ ఓడలో ఉండాలని కూడా అనుకో. పిన్ని ఏమీ అనలేదు. వత్తి కాస్త ఎగదోసింది.

ఈ వారం సాధన మూడే మూడు విషయాలు. ఒకటి, మీరు రోజూ నమ్మే సమాచారం ఏదైనా సరే, అది ఎప్పటిదో ఒకసారి చూడండి. రెండు, మీకన్నా చిన్నవాళ్ళు "ఒకసారి చూడండి" అంటే, కూర్చున్న చోట నుంచి సమాధానం చెప్పకుండా లేచి వెళ్ళి చూడండి. మూడు, మీరే చిన్నవాళ్ళయితే అంకెతో చెప్పండి, దారితో చెప్పండి, వినకపోతే ఇంకోసారి చెప్పండి. విభీషణుడు ఒక్కసారితో ఆపలేదు. పడుకునే ముందు ఆ శ్లోకం నెమ్మదిగా ఒకసారి చదువుకోండి.

తమ్ముడికి కూడా ఇదే రాసి పంపాను. పోయిన వారం ఏదో పోర్టులో సిగ్నల్ దొరికినప్పుడు వాడు రిప్లై ఇచ్చాడు. "అన్నయ్యా, డెక్ మీద ఒక మూత సరిగ్గా పడట్లేదని చెప్పా. చీఫ్ ఆఫీసర్ వచ్చి చూశారు. రబ్బరు పాడైందట. మార్పించారు."

ఆ మెసేజ్ పిన్నికి చదివి వినిపించాను. మూత అంటే ఏం మూతరా అని అడిగింది.

సర్వం కృష్ణార్పణం. వచ్చే వారం కలుద్దాం.