ఏసీ చెడిన కారుకు పొట్టి బెల్టు: ఒక లెక్క, ఒక పద్దు



సాయంత్రం వేళ మా ఇంటికి అకౌంటెన్సీ చెప్పించుకోవడానికి వచ్చే ప్లస్ టూ పిల్లలు తరచూ ఒక ప్రశ్న అడుగుతారు. "త్రిభుజంలో రెండు భుజాల మొత్తం మూడో భుజం కన్నా ఎక్కువ అని పదో తరగతి లోపలే చదివాం. అది ఎక్కడ పనికొచ్చింది తాతా?" అని. ఈ పాఠం వారికోసం. ఇంట్లో పాత కారో, టాక్సీయో ఉన్న తల్లిదండ్రులకు కూడా పనికివస్తుంది. నేను మెకానిక్‌ను కాను. బ్యాంకులో గుమాస్తాగా లెక్కలు రాసి రిటైరయినవాణ్ణి. కాబట్టి పనిముట్లు పట్టే సంగతి మెకానిక్‌కే వదిలి, లెక్కను మాత్రం చెబుతాను.

1. బెల్టు చేసే పని

పిండిమిల్లులో మోటారు ఒకచోట, తిరగలి ఒకచోట ఉంటాయి. రెంటినీ కలిపేది బెల్టు. కుట్టుమిషన్‌లో కింది చక్రాన్ని, పైన చేతి చక్రాన్ని కలిపేదీ బెల్టే. కారు ఇంజనులోనూ అంతే. ఇంజను అడుగున ఉండే క్రాంక్ పుల్లీ తిరుగుతూ, బెల్టు ద్వారా మరికొన్ని పుల్లీలను తిప్పుతుంది. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

డైనమో (ఆల్టర్నేటర్): బ్యాటరీని ఛార్జి చేస్తుంది.
వాటర్ పంపు: చాలా ఇంజన్లలో ఈ బెల్టుతోనే తిరిగి, రేడియేటర్ నీటిని ఇంజను చుట్టూ తిప్పుతుంది.
పవర్ స్టీరింగ్ పంపు: నూనె ఒత్తిడితో పనిచేసే రకం స్టీరింగ్ ఉన్న బండ్లలో ఉంటుంది.
ఏసీ కంప్రెసర్: ఏసీ గ్యాస్‌ను నొక్కి తిప్పుతుంది.

పాతకాలపు బండ్లు చాలావాటిలో ఏసీకి విడిగా ఒక బెల్టు ఉండేది. కంప్రెసర్ చెడితే ఆ ఒక్క బెల్టు తీసివేస్తే చాలు, బండి మామూలుగా నడిచేది. తరువాత వచ్చిన అనేక బండ్లలో అన్నిటినీ ఒకే పొడవాటి గీతల బెల్టు తిప్పుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. కంప్రెసర్ పుల్లీ బిగుసుకుపోతే బెల్టు దానిమీద జారి, కాలి, తెగిపోతుంది. తెగితే డైనమో, వాటర్ పంపు కూడా ఆగుతాయి. చల్లగాలి కోసం పెట్టిన వస్తువు చెడితే ఇంజనే వేడెక్కి పాడవుతుందన్నమాట. కొన్ని డీజిల్ బండ్లలో బ్రేకుకు సాయపడే వాక్యూమ్ పంపు కూడా డైనమోకే అమర్చి ఉంటుంది. అలాంటి బండికి తొప్పూర్ ఘాట్‌లో దిగేటప్పుడు బెల్టు తెగితే, బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది. అందుకే బెల్టు దగ్గర వచ్చే కీచు శబ్దాన్ని తేలికగా తీసుకోకూడదు.

ఒక చరిత్ర సంగతి. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1940 మోడల్ కార్లను ఏసీతో కూడా అమ్మింది. ఆ కంప్రెసర్‌కు క్లచ్ లేదు. చలికాలంలో ఏసీ వద్దనుకుంటే ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయవలసి వచ్చేది. కంప్రెసర్‌ను బెల్టు దారి నుండి తప్పించడం కారు ఏసీ పుట్టినప్పటి నుండీ ఉన్న పద్ధతే.

2. మొదట తెలుసుకోవలసినది: చెడింది ఏది?

ఇప్పటి కంప్రెసర్లు చాలావాటికి ముందుభాగంలో విద్యుత్ అయస్కాంతంతో పనిచేసే క్లచ్ ఉంటుంది. ఏసీ బటన్ నొక్కితేనే అది పుల్లీని లోపలి ఇరుసుతో కలుపుతుంది. నొక్కకపోతే పుల్లీ తన బేరింగ్ మీద వట్టిగా తిరుగుతుంది. కనుక మూడు సందర్భాలు వస్తాయి.

(అ) ఏసీ వేసినప్పుడే శబ్దం వస్తుంటే లోపం కంప్రెసర్ లోపల ఉండవచ్చు. క్లచ్ వైరు తీసి ఉంచితే పుల్లీ వట్టిగా తిరుగుతుంది. బెల్టు మార్చే పని లేదు.

(ఆ) ఏసీ ఆపినా గరగరమని శబ్దం వస్తుంటే పుల్లీ బేరింగ్‌ను అనుమానించాలి. ఇంజను ఆపి, బెల్టు తీసి, ఒక్కో పుల్లీని చేత్తో తిప్పి చూస్తే ఏది గరుకుగా ఉందో తెలుస్తుంది. బేరింగ్ ఒక్కటే పోయి ఉంటే, అది మాత్రమే మార్చడానికి వీలుందా అని మెకానిక్‌ను తప్పక అడగండి.

(ఇ) కొన్ని కొత్త బండ్ల కంప్రెసర్లకు క్లచ్ ఉండదు. ఇరుసు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. వీటిలో వైరు తీసినా లాభం లేదు.

కంప్రెసర్ మార్చడానికి డబ్బు లేక, పుల్లీ కూడా తిరగనప్పుడే పొట్టి బెల్టు ఆలోచన రావాలి. కొన్ని బండ్లకు కంప్రెసర్ స్థానంలో బిగించే వట్టి పుల్లీ దొరుకుతుంది. అది దొరికితే పాత బెల్టే సరిపోతుంది.

3. పొడవు లెక్క

లెక్క సులభంగా ఉండడానికి మూడు పుల్లీలే ఉన్నాయనీ, మూడూ 12 సెం.మీ. వ్యాసం గలవనీ అనుకుందాం. క్రాంక్ కేంద్రం క, కంప్రెసర్ కేంద్రం గ, డైనమో కేంద్రం డ.

క నుండి గ దూరం 30 సెం.మీ.
గ నుండి డ దూరం 40 సెం.మీ.
క నుండి డ దూరం 50 సెం.మీ.

పుల్లీలన్నీ ఒకే సైజులో ఉండి, బెల్టు వాటి బయటి వైపు నుండి చుట్టి వస్తే ఒక అందమైన సూత్రం ఉంది. బెల్టులోని తిన్నని ముక్కలు కేంద్రాల మధ్య దూరాలకు సమానం. వంపు ముక్కలన్నీ కలిపితే సరిగ్గా ఒక పుల్లీ చుట్టుకొలత. ఎందుకంటే బెల్టు ఎన్ని పుల్లీల మీదుగా పోయినా, బయలుదేరిన చోటికి వచ్చేసరికి మొత్తం 360 డిగ్రీలే తిరుగుతుంది.

పాత బెల్టు పొడవు = 30 + 40 + 50 + (3.14 × 12) = 120 + 37.7 = 157.7 సెం.మీ.

ఇప్పుడు గ ను తప్పిద్దాం. బెల్టు క నుండి డ కు వెళ్లి, మళ్లీ క కు వస్తుంది.

కొత్త బెల్టు పొడవు = 50 + 50 + 37.7 = 137.7 సెం.మీ.

తేడా 20 సెం.మీ. ఈ 20 ఎక్కడిది? 30 + 40 − 50. అంటే త్రిభుజంలో రెండు భుజాల మొత్తం నుండి మూడో భుజం తీసివేయగా మిగిలినది. మీరు బడిలో చదివిన సూత్రమే ఇది. ఆ సూత్రం నిజం కాబట్టే కొత్త బెల్టు పొట్టిది అవుతుంది.

నిజమైన ఇంజనులో పుల్లీల సైజులు వేరువేరుగా ఉంటాయి, పుల్లీలూ ఎక్కువ ఉంటాయి. అందుచేత మెకానిక్ సాగని తాడును కొత్త దారిలో చుట్టి కొలత తీస్తాడు. అది సుమారు కొలతే. కొన్ని మోడళ్లను కంపెనీ ఏసీ లేకుండా కూడా అమ్మింది. అలాంటప్పుడు ఏసీ లేని రకానికి ఏ బెల్టు వేశారో విడిభాగాల పుస్తకంలో చూడడం అన్నిటికన్నా మేలు. అయితే రెండు రకాలలోనూ పుల్లీల అమరిక ఒకటేనా అని సరిచూసుకోవాలి.

4. బెల్టు మీది నంబరు చదవడం

గీతల బెల్టు వీపు మీద "6పీకే1575" వంటి గుర్తు ఉంటుంది. 6 అంటే లోపలి వైపు ఆరు గీతలు. పీకే అంటే గీత ఆకారం. ఒక గీతకూ పక్క గీతకూ మధ్య దూరం 3.56 మి.మీ. కాబట్టి బెల్టు వెడల్పు సుమారు 21 మి.మీ. చివరి అంకె పొడవు, మిల్లీమీటర్లలో. మన లెక్కలో 157.7 సెం.మీ. అంటే 1577 మి.మీ.; కొత్తది 1377 మి.మీ. కొట్టులో వాటికి దగ్గరి సైజు అడగాలి. గీతల సంఖ్య మాత్రం మారకూడదు. కుట్టుమిషన్ తోలుబెల్టులా దీన్ని కోసి పిన్నుతో అతికించడం కుదరదు. ఇది అతుకు లేని బెల్టు.

5. జాగ్రత్తలు

మొదటిది, దిశ. కొన్ని ఇంజన్లలో వాటర్ పంపును బెల్టు వీపు వైపు తిప్పుతుంది. దారి మార్చినప్పుడు అది లోపలి వైపుకు వస్తే పంపు తలకిందులుగా తిరుగుతుంది. నీరు సరిగా పారదు, ఇంజను ఉడుకుతుంది. ప్రతి పుల్లీ మునుపు తిరిగిన దిశలోనే తిరగాలి.

రెండవది, పట్టు. బెల్టు పుల్లీని ఎంత ఎక్కువ కోణంలో చుట్టుకుంటే పట్టు అంత గట్టిగా ఉంటుంది. మన ఉదాహరణలో డైనమో మీద సుమారు 143 డిగ్రీలు ఉన్న చుట్టు, గ ను తీసేశాక 180 డిగ్రీలు అయింది; అంటే మేలే జరిగింది. కానీ మెలికలు తిరిగే బెల్టులో కంప్రెసర్‌ను తప్పిస్తే పక్క పుల్లీ మీద చుట్టు తగ్గిపోవచ్చు. అప్పుడు బెల్టు జారుతుంది.

మూడవది, బిగువు. టెన్షనర్ తన హద్దుల మధ్యలో నిలవాలి. బిగువు ఎక్కువైతే డైనమో బేరింగ్ పోతుంది, తక్కువైతే బెల్టు జారుతుంది. బెల్టు మరే భాగానికీ రాసుకోకూడదు.

నాలుగవది, గ్యాస్. బెల్టు మార్చడానికి ఏసీ పైపులు విప్పనక్కరలేదు. విప్పకండి. లోపల గ్యాస్ ఒత్తిడితో ఉంటుంది, చర్మాన్ని, కళ్లను గడ్డకట్టించగలదు. ఎక్కువ కార్లలో వాడిన ఆర్-134ఏ గ్యాస్ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కన్నా వెయ్యి రెట్లకు పైగా బలమైనది. ఇటువంటి వాయువులను తగ్గించడానికి 2016లో కిగాలిలో కుదిరిన ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది.

ఐదవది, వాన. ఏసీ చల్లదనానికే కాదు, వానలో ముందు అద్దం మీది ఆవిరిని తొలగించడానికీ పనికివస్తుంది. అది లేనప్పుడు కిటికీ కొద్దిగా దించి, అద్దానికి గాలి తగిలేలా పెట్టి, నెమ్మదిగా నడపాలి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లకు ఈ పాఠం వర్తించదు. ఎలక్ట్రిక్ కార్లలోనూ, చాలా హైబ్రిడ్ కార్లలోనూ కంప్రెసర్ ఎక్కువ వోల్టేజీ కరెంటుతో నడుస్తుంది, దాన్ని ముట్టుకోకూడదు.

6. పద్దు

ఇక నా విద్యకు వస్తాను. మా అన్న కొడుకు హరూర్‌లో పర్మిట్ ఉన్న టాక్సీ నడుపుతాడు. మొరప్పూర్ రైల్వే స్టేషను, తీర్థమలై, ధర్మపురి ఆస్పత్రులు అతని మామూలు సవారీలు. ఒక జూన్ నెలలో కంప్రెసర్ బిగుసుకుపోయింది. పుల్లీ, లోపలి భాగం రెండూ పోయాయి. గ్యాస్‌తో సహా 27,000 రూపాయలు అన్నారు. అప్పుడు అతని చేతిలో ఉన్నది కూతురి కాలేజీ ఫీజు, 25,000. నెలాఖరు గడువు. ఇంట్లో నగలు అప్పటికే బ్యాంకులో ఉన్నాయి. మిగిలింది నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ వ్యాపారి. అతను అసలు ఒక్కసారిగానే తీసుకుంటానన్నాడు.

"చిన్నాన్నా, ఫీజు డబ్బు బండికి పెట్టి, కాలేజీలో గడువు అడుగుదామా?" అన్నాడు.

"గడువు అడగాల్సింది కాలేజీని కాదురా, ఏసీని" అన్నాను. మెకానిక్‌ను అడిగితే, ఆ మోడల్‌లో ఏసీ లేని రకం ఉందనీ, దాని బెల్టు సరిపోతుందనీ చెప్పాడు. బెల్టు, కూలి కలిపి 1,900. కూర్చుని పద్దు రాశాం.

అప్పు చేస్తే: 27,000కు నెల వడ్డీ 810. జూలై నుండి ఫిబ్రవరి వరకు 8 నెలలకు 6,480.

పొట్టి బెల్టు వేస్తే: బెల్టు 1,900. ఏసీ లేదని తప్పిపోయే సవారీలు నెలకు రెండు అనుకుంటే, ఒక్కోదానికి 250 చొప్పున నెలకు 500. 8 నెలలకు 4,000. మొత్తం 5,900.

తేడా 580 రూపాయలే! చవక మరమ్మతు అనుకున్నది అంత చవక కాదని చూశారా? తప్పిపోయే సవారీలను పద్దులో రాయకపోతే ఈ సంగతి తెలియదు. చేతి నుండి పోయిన డబ్బే కాదు, చేతికి రాని డబ్బూ ఖర్చే. కామర్స్ విద్యార్థులు దీన్ని గుర్తుంచుకోవాలి.

అయినా మేము బెల్టు వైపే మొగ్గాం. ఫీజు గడువులో కట్టడం ముఖ్యం. కాలేజీ సీటు పోతే దాన్ని తిరిగి తెచ్చే స్పేర్ పార్టు ఏ కొట్టులోనూ దొరకదు. పైగా అసలు ఒకేసారి కట్టవలసిన అప్పు నెత్తిన లేకపోవడం అతనికి పెద్ద ఊరట. కానీ ఒక షరతు పెట్టుకున్నాం. నెలకు 3,400 చొప్పున బ్యాంకులో ఆర్.డి. కట్టాలి, 8 నెలలకు 27,200 అవుతుంది. మార్చి వస్తే మన ధర్మపురి ఎండలో ఏసీ లేని టాక్సీ ఎక్కేవారు తక్కువ. అప్పుడు నెలకు ఎనిమిది సవారీలు పోతే 2,000 నష్టం. కనుక పొట్టి బెల్టుకు ఆయుష్షు ఫిబ్రవరి వరకే అని పద్దు చెప్పింది. అతను ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఫిబ్రవరి ఆఖరులో కంప్రెసర్ మార్చి, పాత సైజు బెల్టు మళ్లీ వేయించాడు. నా మనవరాలు ఆ సరికి మొదటి సెమిస్టరు పాసయింది.

మధ్యలో ఎవరైనా ఇలాంటి బండి అమ్మితే, కంప్రెసర్ లేదన్న సంగతి కొనేవారికి చెప్పి అమ్మాలి. బెల్టు నంబరు ఒక చీటీ మీద రాసి బండి కాగితాలతో ఉంచితే, తరువాతి మెకానిక్ పాత సైజు బెల్టు తెచ్చి తికమకపడడు.

7. అభ్యాసం

1) పుల్లీల వ్యాసం 10 సెం.మీ. కేంద్రాల దూరాలు 24, 32, 40 సెం.మీ. కంప్రెసర్ నుండి మిగిలిన రెంటికీ దూరాలు 24, 32. పాత, కొత్త బెల్టుల పొడవులు ఎంత?

2) కంప్రెసర్ కేంద్రం మిగిలిన రెండు కేంద్రాలను కలిపే సరళరేఖ మీదనే ఉంటే, దాన్ని తప్పించినందువల్ల పొడవు ఎంత తగ్గుతుంది?

3) వడ్డీ వ్యాపారి అసలును నెలకు 3,375 చొప్పున 8 వాయిదాలలో తీసుకోవడానికి ఒప్పుకొని, మిగిలిన అసలు మీదనే వడ్డీ వేసి ఉంటే మొత్తం వడ్డీ ఎంత? అప్పుడు ఏది చవక?

జవాబులు: 1) 127.4 సెం.మీ., 111.4 సెం.మీ. 2) ఏమీ తగ్గదు. 3) 3,645 రూపాయలు. అప్పుడు అప్పే 2,255 రూపాయలు చవక. షరతు ఒక్కటి మారితే జవాబు తారుమారవుతుంది. అందుకే అప్పు పత్రం మీద సంతకం పెట్టే ముందు వడ్డీ ఎంత అని మాత్రమే కాక, దేని మీద వడ్డీ అని కూడా అడగండి.