ఒక్క బిడ్డ, పలువురు బిడ్డలు

పఠన భాగములు: లూకా 7:11-17, 15:11-32, కీర్తన 68:5-6

మన పెద్దల దినములలో ఇంటినిండ పిల్లలుండుట సామాన్యము. నేడు అనేక గృహములలో ఒక్క బిడ్డయే కనబడుచున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఒక స్త్రీకి కలుగు సంతానము సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలోను ఛత్తీస్‌గఢ్‌లోను 1.8. ఒక్క బిడ్డయైన గారాబమువలన చెడిపోవునా? నలుగురైన ఒక్కొక్కరికి తగిన ప్రేమ దొరకునా? ఈ రెండు ప్రశ్నలును తలిదండ్రుల హృదయములను కలతపెట్టుచున్నవి.

1. ఒక్క బిడ్డ: నాయీను విధవరాలి కుమారుడు, యాయీరు కుమార్తె, అపవిత్రాత్మచేత పీడింపబడిన చిన్నవాడు (9:38), ఈ ముగ్గురును తమ తలిదండ్రులకు ఒక్కరేయని లూకా వ్రాసెను. గ్రీకు మూలములో ఆ పదము 'మోనోగెనేస్'. యోహాను 3:16లో మన బైబిలు దానినే 'అద్వితీయ' అని తెనిగించినది. కాబట్టి ఒక్క బిడ్డగలవారి భయమును దేవుడెరుగును. అయినను ఆ భయము బిడ్డకు సంకెల కారాదు. ప్రభువు ఆ చిన్నవానిని లేపి తల్లికి అప్పగించెను. బిడ్డ మనకు అప్పగింపబడినవాడే గాని మన సొత్తు కాడు.

2. పలువురు బిడ్డలు: యాకోబు యోసేపును ఎక్కువగా ప్రేమించెను, ఆ పక్షపాతము ఇంటిలో ద్వేషమును పుట్టించెను. లూకా 15లోని తండ్రియో చిన్నవానికి ఎదురుగా పరుగెత్తెను, అలిగిన పెద్దవానిని బతిమాలుటకును వెలుపలికి వచ్చెను. ఇద్దరు కుమారులున్నను ఒక్కొక్కని యొద్దకు వేరువేరుగా వెళ్లెను.

3. ఇంటి వెలుపలి తోబుట్టువులు: బిడ్డ ఇంటిలో మాత్రమే పెరుగునా? బస్తరు అరణ్య ప్రాంతమున మురియా గోండులకు 'ఘోటుల్' అను యువజన గృహము కలదు. దానిని గూర్చి వెరియర్ ఎల్విన్ 1947లో పెద్ద గ్రంథమును ప్రచురించెను. అవివాహితులైన బాలబాలికలు సాయంకాలమున అచ్చట కూడుదురు. చిన్నవారు కట్టెలు తెత్తురు, పెద్దవారు పాటలును పనిపాటులును క్రమమును నేర్పుదురు. నేడు అనేక గ్రామములలో అది సన్నగిల్లినది. అందలి వాడుకలన్నియు మనకు మాదిరి కావు. అయినను ఒక సంగతి గమనింపదగినది: ఇంట ఒక్కడే పుట్టిన బిడ్డయు అచ్చట ఒంటరిగా పెరుగడు.

ప్రియ చదువరీ, ఒంటరివారికి ఇల్లు కలుగజేయు దేవుని సంఘము ఇంతకంటె తక్కువ చేయదగునా? ఒక్క బిడ్డను పలువురిలో ఒకనిగా పెంచుడి. పలువురిలో ప్రతివానిని ఒక్కగానొక్క బిడ్డగా చూడుడి. సంతానము లేనివారును సండే స్కూలు పిల్లలకు తల్లియు తండ్రియు కావచ్చును.

ఆలోచించుడి: ఈ వారము మీ బిడ్డలలో ఎవరితో ఏకాంతముగా మాటలాడితిరి? మీ సంఘములో తోబుట్టువులు లేని బిడ్డ ఎవరు?

ప్రార్థన: తండ్రీ, నీవు అప్పగించిన బిడ్డలను భయముతోనైనను పక్షపాతముతోనైనను కాక, నీ ప్రేమతో పెంచుటకు మాకు కృప దయచేయుము. ఆమేన్.